కిలో రాయి కింది కాగితం

కారు వెనక్కి తప్ప ముందుకు నడవడం లేదన్న సంగతి వీధంతా తెలియడానికి మూడు గంటలు చాలాయి. ఇంట్లోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

ఆ మూడో రోజు, పొద్దున పదిన్నర వేళ, భోజనాల బల్ల మీద రెండు తేదీలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వారంటీ పుస్తకంలో కొడుకు చేత్తో రాసినది. రెండోది నిన్న కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరంలో అచ్చయినది.

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు దొంగ రాళ్ళు పట్టిన మనిషి. పదవీ విరమణ చేసి చాలా కాలమైనా వీధిలో ఆయన ఇంకా తక్కెడగారే.

"మనం కారు ఇంటికి తెచ్చి రెండేళ్ళ తొమ్మిది నెలలు. వారంటీ మూడేళ్ళు. ఇంకా మూడు నెలలుంది. అవునా?"

"అవును నాన్నా," అన్నాడు కొడుకు.

"మీ కంపెనీవాళ్ళ ప్రకారం ఇది అమ్ముడుపోయి మూడేళ్ళ రెండు నెలలు. వారంటీ పోయి రెండు నెలలు. అదీ అవునేనా?"

"అదీ... అవునే."

"ఒకే కారు రెండుసార్లు ఎలా పుట్టిందిరా?"

షోరూము మేనేజరుగా రోజుకు పదిమందికి వారంటీ షరతులు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే మనిషి, తండ్రి ముందు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

కోడలు గుమ్మానికి ఆనుకొని నిలబడి ఉంది. భుజాన సంచి ఉంది, కాళ్ళకు చెప్పులున్నాయి, వెళ్ళడానికి బండి లేదు. ఆమె ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకూ, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళకూ ఇళ్ళకు వెళ్ళి నడక నేర్పుతుంది. ఊరి నాలుగు మూలలా రోజుకు ఎనిమిది ఇళ్ళు. మొన్న మలుపు దగ్గర కారు ముందుకు వెళ్ళనని మొరాయిస్తే, మెడ తిప్పుకొని రెండు వీధులు వెనక్కి నడుపుకుంటూ గేటులోకి తెచ్చింది. ఆ మెడ ఇంకా పట్టేసే ఉంది.

అంతకన్నా గట్టిగా పట్టేసినది ఆ ఉత్తరంలోని మాట. 'మొదటి కొనుగోలుదారు' అన్న గడిలో ఉన్నది మామగారి పేరు కాదు. తన పేరు. అంటే అయిదు నెలల పాటు ఒక కారు తనదై ఉండి, తనకు తెలియకుండానే తనది కాకుండా పోయిందన్నమాట. నిన్నటి నుంచి నాలుగుసార్లు చదివింది. చదివినకొద్దీ అర్థం తగ్గుతూ వచ్చింది.

"అది అమ్మకం కాదు నాన్నా," అన్నాడు కొడుకు చివరికి. "అంటే, అమ్మకమే. కానీ అమ్మలేదు."

"తెలుగులో చెప్పు."

"ఆ ఏడు ఎదుటి కంపెనీవాళ్ళు ఏడేళ్ళ వారంటీ అన్నారు కదా. జనమంతా అటు ఎగబడ్డారు. మావాళ్ళు మూడేళ్ళ దగ్గరే భీష్మించుకు కూర్చున్నారు. నెలాఖరుకి మా షోరూము ముప్ఫై ఎనిమిది బళ్ళు వెనకబడింది. పైనుంచి ఫోను మీద ఫోను. మా షోరూములో అందరం ఇంట్లోవాళ్ళ పేర్ల మీద అమ్మినట్టు ఫారాలు పంపేశాం. కార్లు గోడౌన్లోనే ఉన్నాయి. తర్వాత మెల్లగా నిజంగా అమ్ముకున్నాం. ఒకడైతే పోయిన తాతగారికి కూడా కారమ్మాడు."

"తాతగారు టెస్ట్ డ్రైవ్ చేశారట్రా?" అత్తగారి గొంతు వంటింట్లోంచి వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని కోడలికి అనిపించింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నారు మామగారు. "నేను కొంటానని నాకే తెలియక ముందు ఈ కారు నా కోడలికి అమ్మేశావు. అంతేనా?"

"పేరుకే నాన్నా."

మామగారు లేచి, అలమరలోంచి నీలి అట్ట నోటుపుస్తకం తెచ్చారు. అది అందరికీ తెలిసినదే. కారు కొనే ముందు పదకొండు నెలలు ఆయన అందులో నాలుగు కంపెనీల నెలవారీ అమ్మకాలు రాసి, గళ్ళ కాగితం మీద గీతలు గీశారు. ఎవరికేం కావాలో కూడా రాశారు. మోకాళ్ళు మడవకుండా ఎక్కే ఎత్తున్న సీటు అత్తగారికి కావాలి. ట్రాఫిక్కులో గేర్లు మార్చే పని లేని బండి కోడలికి కావాలి. తమ కంపెనీ బండే కొనాలని కొడుకు పట్టు. తనకేం కావాలన్న చోట ఆయన ఒక్క ముక్కే రాసుకున్నారు: 'పదిమంది పరీక్షించినది.'

"ఇదుగో, ఈ నెల," వేలు ఒక చోట ఆగింది. "అప్పటిదాకా పడుకున్న మీ గీత ఇక్కడ లేచి కూర్చుంది. ఇది చూసే నేను ఒప్పుకున్నాను. ఇంతమంది కొంటున్నారంటే ఏదో ఉంటుందనుకున్నాను. ఈ లేచిన గీతలో ఈ కారు ఉందా?"

కొడుకు బల్ల అంచు గోకాడు.

"ఉందా, లేదా?"

"ఉంది."

మామగారు కాసేపు ఆ గీతను చూశారు. తర్వాత ఎవరితోనో అన్నట్టు మెల్లగా అన్నారు: "నేను కొనబోయే కారే, నన్ను కొనమని సాక్ష్యం చెప్పిందన్నమాట."

ఎర్ర పెన్సిలు తీసుకొని ఆ నెల అంకె కొట్టేశారు. పక్కన ఏం రాయాలో తోచక, పెన్సిలు గాల్లోనే ఉంచి కూర్చుండిపోయారు. దుకాణాల్లో పట్టుబడ్డ దొంగ రాళ్ళను ఆయన సీలు వేసి పట్టుకుపోయేవారు. దీన్ని పట్టుకుపోవడానికి చోటు లేదు.

"నాదో సందేహం," అంది కోడలు. "ఫారం మీద కొన్నవాళ్ళ సంతకం ఉండాలిగా. నా సంతకం ఎవరు పెట్టారు?"

కొడుకు తలెత్తాడు. ఉత్తరం వచ్చాక మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

"నువ్వే కదా పెట్టావు?"

"నేనా?"

"రాయి కింద పెట్టాను. తీసుకునేటప్పటికి సంతకం ఉంది."

ఆ మాటతో ముగ్గురి కళ్ళూ వీధి గది గుమ్మం పక్కనున్న చిన్న బల్ల వైపు తిరిగాయి. అక్కడ మామగారి ఉద్యోగ కాలపు ఇత్తడి కిలో రాయి ఉంటుంది. సంతకం కావలసిన కాగితం ఏదైనా దాని కిందికి వెళుతుంది. పాప స్కూలు డైరీ, పార్సిలు రసీదు, గ్యాసు వాళ్ళ చీటీ. సాయంత్రానికి అన్నిటి మీదా సంతకాలుంటాయి. ఎవరు పెట్టారని ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. కోడలు పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తుంది కాబట్టి, ఆమె సంతకం అత్తగారు కూడా పెట్టేస్తారు. పదేళ్ళుగా అదే అలవాటు. బ్యాంకు వాళ్ళు కూడా ఏనాడూ కాదనలేదు.

"అంటే నువ్వూ చూడలేదు, ఎవరు పెట్టారో?" అన్నారు మామగారు.

"రాయి కింద కాగితాన్ని ఎవరు చూస్తారు నాన్నా?"

ఇన్నాళ్ళకు ఆ ప్రశ్నకు జవాబు అవసరమైంది.

* * *

గేటు దగ్గర, కదలని కారు చాటున భర్త ఆమెను ఆపాడు.

"నాలుగింటికి కంపెనీ నుంచి వారంటీ పరిశీలకుడు వస్తాడు. ఒక్కటే అడుగుతాడు, ఫారం మీద సంతకం నీదేనా అని. అవునను."

"అవునంటే?"

"ఆ రోజే నువ్వు కారు తీసుకున్నట్టు లెక్క. వారంటీ అయిపోయినట్టే. గేర్‌బాక్సు సంగతి నేను ఎలాగోలా చూసుకుంటాను."

"ఎలాగోలా అంటే ఎన్నాళ్ళు? నా ఎనిమిది ఇళ్ళూ?"

అతను చూపు కారు వైపు తిప్పాడు. "కాదన్నావనుకో, తేదీ చెల్లదు. వాళ్ళే బాగు చేసిస్తారు. కానీ దొంగ సంతకంతో ఫారం పంపినవాడు ఎవడని అడుగుతారు. కింద నా సంతకముంది. అది మాత్రం నేనే పెట్టాను, అనుమానం లేదు."

"ఉద్యోగం..."

"అదే రోజు ఆఖరు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. వాటిలో ఏది ఏదో తెలిస్తే, కనీసం లోతు చూసుకొని దూకవచ్చు. కోడలికి ఆ మాత్రం కూడా తెలియడం లేదు.

"నేను అడుగుతున్నది అది కాదండీ. నా పేరు మీద కారు అమ్మేటప్పుడు నాకో మాట ఎందుకు చెప్పలేదు?"

"చదివి పెట్టావనే అనుకున్నాను."

"ఏదైనా కాగితం నేను చదివి సంతకం పెట్టడం ఈ ఇంట్లో ఎప్పుడైనా చూశారా?"

అతను కారు బానెట్ మీది దుమ్ము చేత్తో తుడిచాడు. అమ్మకానికి పెట్టిన బండిని తుడిచినట్టే తుడిచాడు. ఆ అలవాటు చూసి ఆమెకు కోపం రావలసింది. ఎందుకో జాలి వచ్చింది. అది ఇంకా చిరాకు కలిగించింది.

* * *

వంటింట్లో అత్తగారు టీ గిన్నె దించి, మూత పెట్టడం మరచిపోయి నిలబడ్డారు.

"అత్తయ్యా, అది మీరు పెట్టారా, నేను పెట్టానా?"

"నన్నడుగుతావేంటి అమ్మాయ్? సంతకం నీది!"

"పెట్టే చెయ్యి మీదీ కదా."

"అదీ నిజమే," అన్నారు అత్తగారు ముక్కు మీద వేలేసుకొని. "నీలంరంగు కాగితమా?"

"తెల్లదట."

"తెల్లవి నేను బోలెడు పెట్టాను."

కోడలు అలమర పై అరలోంచి పాత విజిట్ రిజిస్టరు దింపింది. ఏ రోజు ఏ ఇంటికి ఏ వేళకు వెళ్ళిందో రాసి, ఆ రోజు పని పూర్తయ్యాక కింద సంతకం చేసే లావుపాటి పుస్తకం. మూడేళ్ళ రెండు నెలల కిందటి పేజీ తీసి, వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఆ రోజు నేను పొద్దున ఆరున్నరకే వెళ్ళాను. రాత్రి ఏడింటి దాకా రాలేదు. ఆయన ఫారం అయిదింటికి తీసుకెళ్ళారట. అంటే మీరే."

"అయితే నేనే."

"కానీ ముందు రోజే రాయి కింద పెట్టారేమో. అప్పుడు పొద్దున్నే వెళ్తూ వెళ్తూ నేనే గీకి ఉంటాను."

"అయితే నువ్వే."

"అత్తయ్యా!"

"నేనేం చెయ్యను తల్లీ? నువ్వు ఎటంటే అటే అనిపిస్తోంది."

కోడలు రిజిస్టరు మూసి గట్టు మీద పెట్టింది. ఆలోచించినకొద్దీ ఆ ఉదయం కళ్ళకు కట్టినట్టు గుర్తొస్తోంది: చెప్పులు వేసుకుంటూ ఒంగడం, పెన్ను, తెల్ల కాగితం. అయితే అలాంటి ఉదయాలు వందల్లో ఉన్నాయి. గుర్తొస్తున్నది ఆ ఒక్క రోజా, లేక వందా కలిసి అల్లిన ఒక రోజా?

అత్తగారు గొంతు తగ్గించారు. "ఒకటుంది అమ్మాయ్. ఎవరికీ చెప్పలేదు."

"ఏంటి?"

"మొదట్లో నీ సంతకం పెట్టాలంటే నాకు భయం వేసేది. ఒకరి పేరు ఇంకొకరు రాస్తే తప్పు కదా. మీ మామయ్యగారు చూస్తే సీలు వేసేస్తారు కూడాను. అందుకని ప్రతిసారీ ఆ చివరి తోక కింద చిన్న చుక్క పెట్టేదాన్ని. ఇది నాది, అమ్మాయిది కాదు అని. నాకొక్కదానికి తెలిస్తే చాలని."

పదేళ్ళుగా తన పేరు కింద ఒక చుక్క ఉందని, అది ఒకావిడ మనస్సాక్షి అని కోడలికి తెలియదు.

"ఇప్పటికీ పెడతారా?"

"పెట్టకపోతే చెయ్యి ఊరుకోదు."

"అయితే ఫారం మీద చుక్క ఉంటే మీరు. లేకపోతే నేను. అంతే కదా?"

"అంతే," అన్నారు అత్తగారు. ఆ తర్వాత ఆవిడ ముఖం మెల్లగా మారింది. "చుక్క ఉంటే నీ సంతకం కాదని తేలుతుంది. వాడి ఉద్యోగం పోతుంది. అంటే నా బిడ్డ నోటి దగ్గర కూడు నా చుక్కే తీసేస్తుంది. అంతేనా?"

టీ చల్లారిపోయింది. ఇద్దరూ దాన్ని మళ్ళీ వేడి చేయలేదు.

* * *

పరిశీలకుడు నాలుగింటికి రెండు నిమిషాలు ముందే వచ్చాడు. సన్నగా, నిదానంగా ఉన్నాడు. కొడుకుతో చేయి కలపలేదు. తాళం తీసుకొని కారు ఎక్కి, నాలుగడుగులు వెనక్కి నడిపి, ముందుకు నడపబోయి, ఆపి దిగాడు.

"వెనక్కి చాలా బాగుంది," అన్నాడు. వేళాకోళమో మెచ్చుకోలో తెలియలేదు.

లోపలికి వచ్చి కూర్చున్నాక, "గేర్‌బాక్సు లోపం మాదేనండీ. అందులో నాకు అనుమానం లేదు. అనుమానమంతా తేదీ దగ్గరే," అన్నాడు.

సంచిలోంచి ఫారం తీసి వీధి గది మధ్యలోని బల్ల మీద పరిచాడు. కొడుకు కిటికీ దగ్గర నిలబడ్డాడు. మామగారు భూతద్దం చేతిలో పెట్టుకొని కుర్చీలో ముందుకు వంగారు. కోడలు, అత్తగారు ఒకేసారి ఫారం మీదికి వంగారు.

తోక కింద చుక్క ఉంది.

పెన్ను మొనతో పొడిచిన నల్ల నలుసు. అత్తగారి వేళ్ళు కోడలి మోచేతిని పట్టుకున్నాయి. ఆ పట్టులోనే కోడలికి అంతా అర్థమైంది. పొద్దున్నుంచీ తాను వెతికిన జవాబు దొరికింది. దొరికాక దాన్ని ఏం చేయాలో తోచలేదు. ఈ సంతకం తనది కాదని చెబితే అది నిజం. ఆ నిజం ముందుగా వెళ్ళి తగిలేది కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి.

"నిజం చెప్పమ్మా," అన్నారు మామగారు. "ఎవరి ముఖమూ చూడకు."

"తెలియకపోతే తెలియదని చెప్పు," గొణిగారు అత్తగారు.

భర్త కిటికీ దగ్గర నుంచి ఆమె వైపే చూస్తున్నాడు. గేటు దగ్గర అన్నదే అతని కళ్ళలో ఉంది.

"అప్పుడే చెప్పొద్దండీ," అన్నాడు పరిశీలకుడు. ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు. "ముందు మూడు సంతకాలు చేయండి. మామూలుగా ఎలా చేస్తారో అలాగే. ఆలోచించకుండా."

కోడలు కూర్చుంది. ఆలోచించకుండా సంతకం చేయడం ఆమెకు వచ్చిన పనే. ఒకటి, రెండు, మూడు గీకి కాగితం తిప్పి ఇచ్చింది.

అతను ఫారాన్ని, ఆ కాగితాన్ని పక్కపక్కన పెట్టాడు. మామగారిని అడిగి భూతద్దం తీసుకున్నాడు.

"సరిపోయింది," అన్నాడు. "ఒంపు, తోక, ఆఖరికి తోక కింద చుక్కతో సహా."

కిటికీ దగ్గర భర్త బిగబట్టిన ఊపిరి వదిలాడు.

కోడలు కాగితం లాక్కొని చూసింది. మూడు సంతకాలు. మూడు చుక్కలు. ఒక్కటి పెట్టినట్టు కూడా ఆమెకు గుర్తు లేదు.

ఇందాక వంటింట్లో విన్న మాట వేలికి అంటుకుందా? లేక పదేళ్ళుగా రాయి కింద తన పేరు చుక్కతో చూసి చూసి, అత్తగారు తన సంతకం నేర్చుకున్నట్టే తాను అత్తగారి సంతకం నేర్చుకుందా? అదే నిజమైతే ఆ ఫారం మీది చుక్క ఎవరిది? ఇంతసేపూ దొరికిందనుకున్న జవాబు చేతిలోంచి జారిపోయింది.

"అమ్మాయ్," అత్తగారు ఆమె చెవి దగ్గర అన్నారు. "ఈ చుక్క నీకెప్పుడొచ్చింది?"

"తెలియదు అత్తయ్యా."

పరిశీలకుడు ఫారం చివరి గడి మీద పెన్ను ఆనించాడు. "అయితే మీ సంతకమేనని రాసుకోమంటారా?"

తెలుసుకోవడానికి ఒక దారి ఉందని అప్పుడు తట్టింది ఆమెకు. విజిట్ రిజిస్టరు. వంటింట్లో తాను వేళలే చూసింది, కింద సంతకం చూడలేదు. ఆ పేజీ మీద ఆ రోజు తన చేత్తో, ఏ మాటా వినక ముందు పెట్టిన సంతకం ఉంది. దాని కింద చుక్క ఉంటే ఇద్దరిదీ ఒకటే చెయ్యి, ఇక ఎవరూ తేల్చలేరు. లేకపోతే ఈ ఫారం తనది కాదు.

"ఒక్క నిమిషం," అని లేచింది. "రిజిస్టరు వంటింట్లో..."

వంటింటి గట్టు ఖాళీగా ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

లావుపాటి ఆ పుస్తకం, ఎప్పుడు తెచ్చిపెట్టారో, అప్పటికే గుమ్మం పక్క బల్ల మీద, ఇత్తడి కిలో రాయి కింద ఉంది. రాయి మీద అత్తగారి అరచెయ్యి ఉంది. ఆవిడ దాన్ని ఎత్తడం లేదు. పుస్తకం ఎవరూ తెరవకుండా నొక్కి పట్టుకున్నారు.